డీజిల్ కారులో సెన్సార్ నిజంగా పోయిందా? మార్చేముందు వరుసగా చేయాల్సిన పరీక్షలు

ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో నాకు వస్తూనే ఉంది: "చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. షెడ్డులో స్కానర్ పెడితే ఎయిర్‌ఫ్లో సెన్సార్ కోడ్ వచ్చింది. మార్పిస్తే సరిపోతుందా?" మార్పించిన నాలుగు రోజులకే అదే లైటు మళ్లీ వెలిగిందని రాసినవాళ్లూ చాలామందే ఉన్నారు. అందుకే మొత్తం వరుసను ఒకచోట పెడుతున్నాను. (ఎయిర్‌ఫ్లో సెన్సార్ అంటే ఇంజిన్ పీల్చే గాలిని కొలిచేది.)

ముందు ఒక్క మాట. 'ఫలానా సెన్సార్ పాడైంది' అని కోడ్ ఎప్పుడూ చెప్పదు. 'ఫలానా సెన్సార్ నుంచి వస్తున్న లెక్క నాకు పొసగడం లేదు' అని ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) చెబుతుంది, అంతే. ఆ లెక్క తప్పడానికి సెన్సార్ కారణం కావచ్చు, తీగ కావచ్చు, కప్లర్‌లో (తీగలను సెన్సార్‌కు కలిపే ప్లగ్గులో) చేరిన నీళ్లు కావచ్చు. లేదా సెన్సార్ నిజమే చెబుతూ ఉండొచ్చు, అసలు లోపం ఇంజిన్‌లో ఉండొచ్చు. ఈ నాలుగింటిలో ఏదో తేల్చడమే ఇక్కడ పని.

మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే రకాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను: 1.3 నుంచి 2.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల, టర్బో ఉన్న కామన్ రైల్ డీజిల్. (రైల్ అంటే డీజిల్‌ను ఎక్కువ ఒత్తిడిలో ఉంచి అన్ని ఇంజెక్టర్లకూ పంచే గొట్టం.) బీఎస్4 పొగ ప్రమాణాల బండి అయినా, 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 అయినా పద్ధతి ఒకటే. బీఎస్6లో సైలెన్సర్ వైపు సెన్సార్లు ఎక్కువ ఉంటాయి. బండి ఇంకా వారంటీలో ఉంటే 3, 5 అంచెలు మాత్రం చేసి, ఆ లెక్కల కాగితంతో సర్వీస్ సెంటర్‌కు వెళ్లండి. కప్లర్లు మీరు విప్పొద్దు.

## 1. దగ్గర పెట్టుకోవాల్సినవి

- లైవ్ డేటా (సెన్సార్లు ఆ క్షణంలో పంపే లెక్కలు) చూపించే స్కానర్. బ్లూటూత్ అడాప్టర్, ఫోన్‌లో యాప్ ఉన్నా మొదలుపెట్టొచ్చు. అయితే డీపీఎఫ్ (సైలెన్సర్ వైపు మసిని పట్టే ఫిల్టర్), ఈజీఆర్ (పొగలో కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే వాల్వు) లాంటి వాటి పూర్తి లెక్కలకు మీ కంపెనీ బండ్లను చదివే స్కానర్ కావాలి.
- డిజిటల్ మల్టీమీటర్. పాతకాలపు బల్బు టెస్టర్ వద్దు. అది లాగే కరెంటుకు ఈసీయూ దెబ్బతినొచ్చు.
- కప్లర్ వెనక నుంచి గుచ్చడానికి సన్నని సూది ప్రోబ్‌లు.
- 1 కిలో ఓమ్ రెసిస్టర్, కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే, ఎయిర్‌ఫ్లో సెన్సార్ కోసమే దొరికే స్ప్రే.
- మీ మోడల్, మీ సంవత్సరం వైరింగ్ డయాగ్రమ్. ఇది లేకుండా 7వ అంచెకు వెళ్లొద్దు.
- నోట్‌బుక్కు, పెన్ను. ఫోన్‌తో తీసిన ఫోటోలు కూడా పనికొస్తాయి.

ప్రాణానికి సంబంధించిన రెండు జాగ్రత్తలు ఉన్నాయి. కామన్ రైల్ ఇంజిన్ నడుస్తుండగా డీజిల్ పైపు నట్టు ఎప్పుడూ వదులు చేయకండి. లోపల ఒత్తిడి ఐడిల్‌లోనే 250 బార్ దాటి ఉంటుంది, గట్టిగా తొక్కితే 1,600 బార్, ఇంకా పైకి కూడా వెళ్తుంది. సన్నగా చిమ్మే డీజిల్ చర్మాన్ని కోసుకుని లోపలికి దిగుతుంది. లీకు ఉందేమోనని చేత్తో తడమడం కూడా అంతే ప్రమాదం. రెండోది, ఇంజిన్ నడుస్తుండగా ఇంజెక్టర్ తీగల జోలికి వెళ్లొద్దు. వాటిలో 12 వోల్టులకంటే చాలా ఎక్కువ వోల్టేజీ వస్తుంది.

## 2. బ్యాటరీ, ఎర్త్ ముందు చూడండి

చాలామంది దీన్ని దాటేస్తారు. చాలా సెన్సార్లు ఈసీయూ ఇచ్చే 5 వోల్టుల మీద బతుకుతాయి. బ్యాటరీ నీరసంగా ఉంటే ఒకదానికొకటి సంబంధం లేని కోడ్‌లు నాలుగైదు ఒకేసారి వస్తాయి.

- ఇంజిన్ ఆపి కాసేపయ్యాక: 12.4 నుంచి 12.7 వోల్టులు.
- సెల్ఫ్ కొడుతున్నప్పుడు: 10 వోల్టులకు దిగువన పడిపోకూడదు.
- ఇంజిన్ నడుస్తుండగా: చాలా బండ్లలో 13.8 నుంచి 14.6.
- సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు కొలిస్తే: 0.3 వోల్టుల లోపు. అంతకంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ స్ట్రాప్ విప్పి, తుప్పు గీకి బిగించండి.

బ్యాటరీ టెర్మినల్ మాత్రం తీయకండి. తీస్తే చాలా బండ్లలో దాచుకున్న వివరాలు చెరిగిపోతాయి. వచ్చే అంచెలో మనకు కావాల్సినవి అవే.

## 3. కోడ్‌లు చదవండి, రాసుకోండి, చెరపకండి

స్కానర్ పెట్టగానే చేయి 'క్లియర్' బటన్ మీదికి పోతుంది. ఆగండి. కోడ్‌తో పాటు అది వచ్చిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కూడా ఈసీయూ దాచుకుంటుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. వేగం, ఆర్‌పీఎం, కూలెంట్ వేడి, లోడు అన్నీ అందులో ఉంటాయి. 90 కిలోమీటర్ల వేగంలో, 2,400 ఆర్‌పీఎం దగ్గర, లోడు మీద వచ్చిన కోడ్‌ను ఇంటి ముందు ఐడిల్‌లో నిలబెట్టి వెతికితే దొరకదు.

తర్వాత కోడ్ వెనక ఉన్న మాట చదవండి. అంకె కంటే ఆ మాటే ముఖ్యం.

'సర్క్యూట్ హై', 'సర్క్యూట్ లో' అని ఉంటే ఇది కరెంటు గొడవ. తీగ తెగడం, షార్ట్ అవడం, కప్లర్ ఊడటం, సెన్సార్ లోపల కాలిపోవడం ఇందులోకి వస్తాయి. ఉదాహరణకు పీ0118 అంటే కూలెంట్ సెన్సార్ సర్క్యూట్ హై, పీ0193 అంటే రైల్ ప్రెషర్ సెన్సార్ సర్క్యూట్ హై.

'రేంజ్/పెర్ఫార్మెన్స్' అని ఉంటే తీగ బాగానే ఉండి ఉండొచ్చు, లెక్కే పొసగడం లేదు. పీ0101 అలాంటిదే, అది ఎయిర్‌ఫ్లో సెన్సార్‌ది. ఇక్కడ సెన్సార్ కంటే ముందు ఎయిర్ ఫిల్టర్‌ను, హోస్‌లను, ఈజీఆర్‌ను అనుమానించాలి.

అసలు సెన్సార్ పేరే లేని కోడ్‌లూ ఉంటాయి. పీ0299 అంటే టర్బో ఒత్తిడి తక్కువ. పీ0087 అంటే రైల్‌లో ఒత్తిడి తక్కువ. పీ0401 అంటే ఈజీఆర్ ప్రవాహం తక్కువ. ఈ మూడింటికి సెన్సార్ కొన్నవాళ్లలో ఎక్కువమంది డబ్బు వృథా అవుతుంది, ఎందుకంటే సెన్సార్ ఇక్కడ కబురు తెచ్చినది మాత్రమే.

సెన్సార్ రిఫరెన్స్ వోల్టేజీ, అంటే ఈసీయూ సెన్సార్లకు ఇచ్చే 5 వోల్టుల కోడ్‌లు (పీ0641, పీ0651) కనిపిస్తే మిగతావన్నీ పక్కన పెట్టి నేరుగా 7వ అంచెకు వెళ్లండి.

స్కానర్ బండితో అసలు కలవడం లేదా? స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ వోల్టేజీ, 4, 5 పిన్నులకు ఎర్త్ వస్తున్నాయేమో చూడండి. చాలాసార్లు పోయింది ఫ్యూజే.

## 4. బానెట్ ఎత్తి పావుగంట చూపు

లైటు పట్టుకుని, తొందర లేకుండా చూడండి.

- ఎలుకలు. వానాకాలంలో, చలికాలంలో వెచ్చని ఇంజిన్ మీద చేరి తీగలు కొరుకుతాయి. రెట్టలు, కొరికిన గుడ్డపీలికలు, ఎండిన ఆకులు కనిపిస్తే ఆ చుట్టుపక్కల తీగలన్నీ వేలితో తడమండి.
- సెన్సార్ కప్లర్ క్లిప్పు విరిగి ఉందా? లోపల పచ్చటి చిలుము పట్టిందా? సముద్రం ఒడ్డు ఊళ్లలో ఇది ఎక్కువ.
- ఈమధ్య ఇంజిన్‌ను నీళ్ల ప్రెషర్‌తో కడిగించారా? కడిగిన రెండు మూడు రోజుల్లో వచ్చిన కోడ్ అయితే ముందు కప్లర్లు విప్పి ఆరబెట్టండి.
- టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు (ఆ గాలిని చల్లబరిచేది), అక్కడి నుంచి ఇంజిన్‌కు వెళ్లే హోస్‌ల మీద కొత్త నూనె మరక ఉందా? మరక ఉన్నచోటే చీలిక ఉండే అవకాశం ఎక్కువ. హోస్‌ను వంచి కింది వైపు చూడండి.
- ఎయిర్ ఫిల్టర్ పెట్టె మూత పూర్తిగా కూర్చుందా?
- డీజిల్ ఫిల్టర్ కింద స్క్రూ వదిలితే నీళ్లు వస్తున్నాయా?

## 5. చల్లటి ఇంజిన్, తాళం ఆన్: అతి చవకైన పరీక్ష

నేను దీన్ని నమ్మినంతగా ఇంకే పరీక్షనూ నమ్మను. రాత్రంతా ఆపి ఉంచిన బండిలో ఉదయాన్నే కూర్చోండి. సెల్ఫ్ కొట్టకుండా తాళం ఆన్ మాత్రమే చేసి, లైవ్ డేటా తెరవండి. రాత్రంతా ఇంజిన్ కదల్లేదు కాబట్టి లోపల గాలి, నీళ్లు, డీజిల్ అన్నీ బయటి వాతావరణంతో సమానమై ఉంటాయి. అంటే ప్రతి సెన్సార్ ఏం చెప్పాలో మీకు ముందే తెలుసు.

- వేడి సెన్సార్లు: కూలెంట్, లోపలికి వచ్చే గాలి, డీజిల్, సైలెన్సర్ వేడి అన్నీ ఒకదానికొకటి 4, 5 డిగ్రీల తేడాలో ఉండాలి. మూడు 25 చూపిస్తూ ఒకటి 41 చూపిస్తే దొంగ ఎవరో తెలిసిపోయినట్టే. కూలెంట్, గాలి, డీజిల్ సెన్సార్లలో మైనస్ 40 చూపిస్తే తీగ తెగింది లేదా కప్లర్ ఊడింది. 130కి పైన చూపిస్తే షార్ట్.
- బూస్ట్ సెన్సార్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడిని కొలిచేది): ఇంజిన్ ఆగి ఉంది కనుక బయటి గాలి ఒత్తిడే చూపించాలి. విశాఖలో, కాకినాడలో దాదాపు 100, 101 కిలోపాస్కల్. హైదరాబాద్ సముద్రమట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తు కాబట్టి అక్కడ 95 దగ్గర ఉంటుంది. అరకులో 91 చుట్టూ. 'వంద రావాలి కదా, 95 వస్తోంది' అని హైదరాబాద్‌లో సెన్సార్ మార్చకండి. స్కానర్‌లో బేరోమెట్రిక్ ప్రెషర్ (బయటి గాలి ఒత్తిడి) కూడా కనిపిస్తే దానితో పోల్చండి. 3 కిలోపాస్కల్ కంటే ఎక్కువ తేడా ఉండకూడదు.
- రైల్ ప్రెషర్: సున్నా లేదా సున్నాకు దగ్గర. సెన్సార్ తీగ మీద 0.5 వోల్టు చుట్టూ. రాత్రంతా ఆగిన బండిలో 80 బార్ చూపిస్తే సెన్సార్ అబద్ధం చెబుతోంది.
- ఎయిర్‌ఫ్లో: సున్నా.
- డీపీఎఫ్ ఒత్తిడి తేడా: సున్నా. 1 కిలోపాస్కల్ చూపించినా అనుమానించాలి.
- యాక్సిలరేటర్ పెడల్: వదిలినప్పుడు 0 శాతం. కొన్ని బండ్లలో సాధారణ యాప్ 14, 15 శాతం చూపిస్తుంది, అది లోపం కాదు. మెల్లగా చివరిదాకా తొక్కి, మెల్లగా వదలండి. అంకె మధ్యలో ఎక్కడా ఎగరకూడదు, ఆగకూడదు.

ఈ లెక్కలన్నీ తేదీతో సహా నోట్‌బుక్కులో రాయండి. ఐదు నిమిషాల పనే, కానీ తర్వాతి గంటల్ని మిగుల్చుతుంది.

## 6. ఇంజిన్ నడుపుతూ

సెల్ఫ్ కొడుతున్నప్పుడే స్కానర్ వైపు చూడండి. ఆర్‌పీఎం 200, 250 చుట్టూ కదలాలి. సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఆర్‌పీఎం సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సార్ (ఇంజిన్ తిరిగే వేగాన్ని చెప్పేది) లేదా దాని తీగ. ఆర్‌పీఎం వస్తోంది, రైల్ ప్రెషర్ 150, 200 బార్‌కు చేరడం లేదంటే డీజిల్ వైపు గొడవ. ఇంజిన్ స్టార్ట్ కాని బండిలో మొదట చూడాల్సినవి ఈ రెండు అంకెలే.

స్టార్ట్ అయ్యాక 80 డిగ్రీలు దాటేదాకా నడవనివ్వండి. ఐడిల్‌లో:

- రైల్ ప్రెషర్ చాలా ఇంజిన్లలో 250 నుంచి 350 బార్. అంకె కంటే ముఖ్యమైనది, ఈసీయూ కోరిన ఒత్తిడికీ వచ్చిన ఒత్తిడికీ మధ్య తేడా. నిలకడగా ఉన్నప్పుడు రెండూ పక్కపక్కనే నడవాలి.
- బూస్ట్ సెన్సార్ బయటి గాలి ఒత్తిడి దగ్గరే ఉంటుంది. పెట్రోల్ ఇంజిన్‌లా 30, 40కి పడిపోదు. పెట్రోల్ బండ్లకు అలవాటైన మెకానిక్‌లు ఇక్కడ పొరబడతారు.
- కూలెంట్ వేడి ఒకే తీరుగా పెరగాలి, గెంతకూడదు. ఎంత తిప్పినా 70 దాటడం లేదంటే సెన్సార్ కాదు, థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది.

ఎయిర్‌ఫ్లోకు చిన్న లెక్క ఉంది. ఇంజిన్ లీటర్లను ఆర్‌పీఎంతో గుణించి 120తో భాగించండి. సెకనుకు ఎన్ని లీటర్ల గాలి పీల్చాలో వస్తుంది. లీటరు గాలి సుమారు 1.15 గ్రాములు. 1.5 లీటర్ల ఇంజిన్, 800 ఆర్‌పీఎం అయితే 10 లీటర్లు, అంటే 11.5 గ్రాములు. పూర్తిగా నిండదు కనుక 9 నుంచి 11 గ్రాముల మధ్య రావాలి. ఇది ఈజీఆర్ మూసి ఉన్నప్పటి లెక్క. ఈజీఆర్ తెరుచుకుంటే ఇది సగానికి పడిపోవడం సహజం, దాన్ని చూసి కంగారుపడొద్దు.

తర్వాత రోడ్డు పరీక్ష. ఖాళీ రోడ్డు, పక్కన ఫోన్‌లో రికార్డు చేసే మనిషి ఉండాలి. నడిపేవాళ్లు స్క్రీన్ చూడకూడదు. మూడో గేరులో 1,500 ఆర్‌పీఎం నుంచి పూర్తిగా తొక్కి 3,500 దాకా తీసుకెళ్లండి. బూస్ట్ 200 కిలోపాస్కల్ దాటాలి, కోరిన బూస్ట్‌ను అనుసరిస్తూ పెరగాలి. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో రాసుకున్న వేగం, లోడు గుర్తున్నాయి కదా, ఆ పరిస్థితిని కూడా ఒకసారి తెప్పించండి.

## 7. మూడు తీగల పరీక్ష

రిఫరెన్స్ వోల్టేజీ కోడ్ వస్తే తప్ప, 5, 6 అంచెల్లో ఏదో ఒక లెక్క తేడాగా కనిపించాక మాత్రమే సెన్సార్ తీగల మీద మీటరు పెట్టండి. ఒత్తిడి సెన్సార్లు, పెడల్, చాలా స్థానం సెన్సార్లు మూడు తీగల మీద పనిచేస్తాయి: ఒకటి 5 వోల్టులు, ఒకటి ఎర్త్, ఒకటి సిగ్నల్.

మొదట 5 వోల్టులు. తాళం ఆపి, కప్లర్ విప్పి, తాళం ఆన్ చేయండి. తీగల వైపు కప్లర్‌లో 4.9 నుంచి 5.1 రావాలి.

తర్వాత ఎర్త్. కప్లర్ పెట్టేసి, వెనక నుంచి సూదితో ఎర్త్ తీగను తాకి బ్యాటరీ నెగటివ్‌తో కొలవండి. 0.1 వోల్టు దాటకూడదు. కప్లర్ విప్పి ఓమ్స్‌లో కొలిస్తే పదింటిలో ఒక్క పోగు మిగిలిన తీగ కూడా బాగున్నట్టే చూపిస్తుంది. అందుకే కరెంటు పారుతుండగా కొలవాలి.

చివర సిగ్నల్. కప్లర్ విప్పినప్పుడు స్కానర్‌లో అంకె ఒక చివరకు పోవాలి. తీగల వైపు 5 వోల్టుల పిన్నును 1 కిలో ఓమ్ రెసిస్టర్ ద్వారా సిగ్నల్ పిన్నుకు కలిపితే పై చివరకు పోవాలి. రెండు తీగల కూలెంట్, గాలి వేడి సెన్సార్లకు ఇంకా సులువు: విప్పితే మైనస్ 40, రెండు పిన్నులూ కలిపితే గరిష్ఠం. అంకె ఇలా చెప్పినట్టు కదిలితే తీగలూ ఈసీయూ బాగున్నాయి, సెన్సార్‌దే తప్పు. కదలకపోతే కొత్త సెన్సార్ పెట్టినా అదే కథ.

5 వోల్టులు లేని బండి గురించి కాస్త వివరంగా చెప్పాలి. నా సొంత 1.5 లీటర్ల డీజిల్‌కు ఒక వానాకాలం చివర పికప్ పోయింది. మూడు కోడ్‌లు ఒకేసారి: పీ0237, పీ0405, పీ0532. బూస్ట్ సెన్సార్, ఈజీఆర్ సెన్సార్, ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సార్, మూడింటికీ 'సర్క్యూట్ లో'. ఒక షెడ్డులో బూస్ట్ సెన్సార్, ఈజీఆర్ వాల్వు రెండూ మార్చాలన్నారు. మూడు ఒకే రోజు ఎలా పోతాయని ఇంటికి తెచ్చి కొలిచాను. బూస్ట్ సెన్సార్ కప్లర్‌లో 5 వోల్టుల చోట 1.2 ఉంది. వైరింగ్ డయాగ్రమ్‌లో చూస్తే మూడింటికీ 5 వోల్టులు ఒకే తీగ నుంచి చీలుతున్నాయి.

మీటరు అలాగే పెట్టి కప్లర్లు ఒక్కొక్కటే విప్పాను. ఈజీఆర్‌ది విప్పితే 1.2 కదల్లేదు. ముందు జాలీ వెనక ఉన్న ఏసీ ప్రెషర్ సెన్సార్‌ది లాగగానే మీటరు మీద 5.02 వచ్చింది. ఆ కప్లర్‌లో రెండు పిన్నుల మధ్య చిలుము వంతెన కట్టినట్టు పేరుకుని ఉంది, రబ్బరు సీల్ ఒక పక్క నలిగిపోయింది. శుభ్రం చేసి, సీల్ మార్చాను. బూస్ట్ సెన్సార్, ఈజీఆర్ ఈరోజుకీ పాతవే.

ఒకేసారి మూడు నాలుగు 'సర్క్యూట్ లో' కోడ్‌లు వస్తే మీరూ ఇదే చేయండి: డయాగ్రమ్‌లో ఉమ్మడి తీగ వెతకండి, మీటరు చూస్తూ ఒక్కొక్కటే విప్పండి.

కోడ్ వచ్చి పోతూ ఉంటే ఇంజిన్ ఐడిల్‌లో పెట్టి, బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా ఉన్న సెన్సార్ తీగలను (ఇంజెక్టర్ తీగలను కాదు) మెల్లగా కదిపి చూడండి. అంకె ఉలిక్కిపడిన చోట తీగ లోపల తెగి ఉంటుంది.

## 8. ఒక్కో సెన్సార్‌లో మోసపోయే చోటు

ఎయిర్‌ఫ్లో సెన్సార్. లెక్క తక్కువ వస్తే ముందు ఎయిర్ ఫిల్టర్, తర్వాత సెన్సార్‌కూ టర్బోకూ మధ్య హోస్. అక్కడ చీలితే సెన్సార్ కంటపడకుండా గాలి దొంగదారిలో వస్తుంది. స్కానర్‌తో ఈజీఆర్‌ను మూయించి చూడండి. మూయగానే అంకె పెరిగి పైన చెప్పిన లెక్కకు చేరితే సెన్సార్ బాగుంది. ఎంత మూసినా, తెరిచినా కదలకపోతే ఈజీఆర్ మసి పట్టి తెరిచే ఉండిపోయి ఉండొచ్చు. శుభ్రం చేయాలంటే దాని స్ప్రే మాత్రమే వాడండి. బ్రేక్ క్లీనర్, కంప్రెసర్ గాలి, గుడ్డ, వేలు ఏవీ తగలకూడదు. పూర్తిగా ఆరాకే బిగించండి.

బూస్ట్ సెన్సార్. తాళం ఆన్‌లో సరైన ఒత్తిడి చూపించి, రోడ్డు మీద తక్కువ చూపిస్తే సెన్సార్‌ను వదిలేసి లీకు వెతకండి. టర్బో దాటాక హోస్ చీలితే ఎయిర్‌ఫ్లో లెక్క బాగానే ఉంటుంది, బూస్ట్ మాత్రం రాదు, నల్ల పొగ వస్తుంది, తొక్కినప్పుడు 'హిస్స్' మని వినిపిస్తుంది. ఆ తర్వాత టర్బో వాక్యూమ్ పైపులు, వాల్వు చూడాలి. సెన్సార్ ముక్కుకు మసి పట్టి స్పందన మందగించడం కూడా ఉంది. తీసి తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది.

రైల్ ప్రెషర్ సెన్సార్. పీ0087కి డీజిల్ ఫిల్టర్, లైన్లో గాలి, ఇంజెక్టర్ల నుంచి వెనక్కి పోయే డీజిల్ ఎక్కువవడం, ప్రెషర్ రెగ్యులేటర్, పంపు, ఈ వరుసలో చూడాలి. ఇంజిన్ నడుస్తుండగా ఈ సెన్సార్ కప్లర్ లాగొద్దు. దీన్ని విప్పి బిగించే పని డీజిల్ పంపు పని తెలిసినవాళ్లకే వదిలేయండి. ఇందులో నేను రాజీపడను.

క్రాంక్ సెన్సార్. వేడెక్కాక ఆగిపోయి, అరగంట చల్లారాక మళ్లీ స్టార్ట్ అయ్యే బండిలో మొదటి అనుమానం దీని మీదే. రెండు తీగలదైతే ఓమ్స్‌లో కొలవొచ్చు. చాలావాటిలో 500 నుంచి 1,500 మధ్య వస్తుంది. చల్లగా ఉన్నప్పుడూ, ఆగిపోయిన వెంటనే వేడిగా ఉన్నప్పుడూ రెండుసార్లు కొలవండి. మూడు తీగల హాల్ రకాన్ని ఓమ్స్‌లో కొలవకూడదు. ముక్కుకు ఇనుప రజను అంటుకుని ఉంటే తుడవండి. క్రాంక్, క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్ట్) సెన్సార్లు రెండూ పొసగడం లేదనే పీ0016 వస్తే టైమింగ్ చైన్ సాగిందేమో చూపించకుండా సెన్సార్ కొనకండి.

పెడల్ సెన్సార్. లోపల రెండు ట్రాక్‌లు. చాలా బండ్లలో ఒకదాని వోల్టేజీ రెండోదానికి రెట్టింపు ఉంటుంది: వదిలినప్పుడు 0.75, 0.38 అలా. తొక్కుతున్నంతసేపూ ఆ నిష్పత్తి నిలవాలి. ఎక్కడైనా తప్పితే పెడల్ మార్చాల్సిందే, ఇందులో రిపేరు లేదు.

డీపీఎఫ్ ఒత్తిడి సెన్సార్. దీని రెండు రబ్బరు గొట్టాలే ముందు చూడాలి. వేడికి పగులుతాయి, మసితో మూసుకుపోతాయి, ఎవరో విప్పి తారుమారుగా పెడతారు. ఐడిల్‌లో 1 కిలోపాస్కల్ లోపు ఉండి, రేస్ చేస్తే పెరిగి, వదిలితే తగ్గాలి. కొత్తది పెడితే స్కానర్‌తో రీసెట్ కావాలి.

సైలెన్సర్ వేడి సెన్సార్లకు 5వ అంచె పరీక్ష చాలు. నాక్స్ సెన్సార్ (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్‌లను కొలిచేది) సొంత కంప్యూటర్‌తో వస్తుంది కనుక కంపెనీ స్కానర్ లేకుండా తేలదు.

## 9. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

- సెన్సార్ విప్పితే బండి బాగా నడిచింది కాబట్టి అదే పోయిందనుకోవడం. విప్పగానే ఈసీయూ సొంత అంచనా లెక్కతో నడుపుతుంది, ఈజీఆర్‌ను కూడా మూసేయొచ్చు. అందుకే బాగున్నట్టు అనిపిస్తుంది. అది ఒక ఆధారం మాత్రమే, 7వ అంచె చేయాల్సిందే.
- లావు సూదితో కప్లర్ ముందు నుంచి గుచ్చడం. పిన్ను సందు వెడల్పై, లేని లోపం పుడుతుంది. వెనక నుంచే గుచ్చండి.
- తీగ తొడుగుకు రంధ్రం చేయడం. తప్పక చేస్తే వెంటనే సీల్ చేయండి. లేదంటే చెమ్మ దిగి కొన్నాళ్లకు రాగి పొడి అవుతుంది.
- అచ్చం అలాంటిదే అని వేరే నంబర్ సెన్సార్ పెట్టడం. ఒకే ఆకారంలో వేర్వేరు ఒత్తిడి పరిధుల సెన్సార్లు వస్తాయి. బండి నడుస్తుంది, లెక్కలన్నీ పక్కకు పోతాయి. పాతదాని మీది పార్ట్ నంబర్ ఫోటో తీసి, అక్షరం అక్షరం పోల్చి కొనండి.
- ఈజీఆర్‌కు రేకు ముక్క పెట్టి మూసేయడం, డీపీఎఫ్ ఖాళీ చేయించడం. కోడ్ కనబడకుండా చేసే ఈ పనులు దయచేసి చేయొద్దు. ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.

## 10. మార్చాక

1. ఓ రింగుకు కాస్త నూనె రాసి, కంపెనీ చెప్పిన టార్క్‌కే (బిగువుకే) బిగించండి. కప్లర్ 'టిక్' మనేదాకా నొక్కండి.
2. ఇప్పుడు కోడ్‌లు చెరపండి.
3. అవసరమైన వాటికి స్కానర్‌తో రీసెట్ లేదా లెర్నింగ్ (కొత్త సెన్సార్‌ను ఈసీయూకు అలవాటు చేయడం) చేయించండి.
4. మర్నాడు ఉదయం చల్లటి ఇంజిన్ మీద 5వ అంచె మళ్లీ చేసి, నోట్‌బుక్కులో పాత లెక్కల పక్కనే రాయండి.
5. ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉన్న వేగంలో, లోడులో కనీసం అరగంట నడపండి.
6. స్కానర్‌లో 'పెండింగ్' కోడ్‌ల పేజీ తెరవండి. లైటు వెలగకముందే అనుమానం ఇక్కడ కనిపిస్తుంది. రెండు మూడు రోజులు వరుసగా చూడండి.
7. పాత సెన్సార్‌ను అప్పుడే పారేయకండి. నెల రోజులు డిక్కీలో ఉంచండి. లైటు మళ్లీ వెలిగితే దాన్ని తిరిగి పెట్టి 5వ అంచె లెక్కలు పోల్చండి. రెండూ ఒకేలా చూపిస్తే సెన్సార్ వైపు వెతకడం ఆపి, 7వ అంచె దగ్గర తీగల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.